లాంగ్ మీడ్‌ని ఎంత లోతు తవ్వుతారు?

పోయిన వారం ఆంబ్రోస్ పెల్‌ని అధ్యక్షుడి కుర్చీలో, నోరు పెగలని స్థితిలో వదిలేశాం. ఎందుకు పెగల్లేదో మరచిపోయిన వారికోసం నాలుగు మాటలు.

ఇల్లెట్ ఏటికి ఎగువన బ్రామ్‌డౌన్ కౌన్సిల్. దిగువన, సముద్రపు రేవు మీద సౌత్‌హేవెన్ కౌన్సిల్. కొత్త ఇల్లు కడితే దాని మురుగును ఎంత శుద్ధి చేసినా కొంత నత్రజని ఏట్లోకి పోతుంది. రేవులో పచ్చటి పాచిగా పేరుకుని బురదమేటల ఊపిరి తీస్తుంది. అందుకే, కొత్తగా పోయేదానికి సరిపడా నత్రజనిని మరోచోట ఆపితే తప్ప ఆ ఏటి పొడవునా ఒక్క ఇటుక పెట్టడానికి వీల్లేదు. ఒకరినొకరు తిట్టుకోవడంలో ఒక తరం గడిపిన ఈ రెండు కౌన్సిళ్లూ చివరికి కలిసి ఒక బోర్డు పెట్టుకున్నాయి. మురుగు శుద్ధి కేంద్రానికి దిగువన రెల్లు మడి వేయాలని తీర్మానించాయి. నీళ్లు ఆ రెల్లులోంచి నడిచి ఏట్లో కలుస్తాయి. నడిచేటప్పుడు రెల్లు తాగాల్సింది తాగుతుంది.

చిక్కల్లా ఒక్కటే. అనుకున్న మడి ఒక జాబితా ఇళ్లకే చాలుతుంది. ఎగువ పల్లెలో చర్చి వెనక కట్టే ఇళ్లా? దిగువ రేవు పక్కన కట్టే ఫ్లాట్లా? బోర్డులో అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ఓట్లు సమానమైతే అధ్యక్షుడి రెండో ఓటు తేలుస్తుంది. అధ్యక్షుడు ఆంబ్రోస్, ఎగువవాడు. చర్చి వెనక ఇళ్లకి పేరిచ్చినవాళ్లలో అతని కూతురు హెస్టర్ ఉంది, మొగుడి ఇంటిపేరుతో. ఆ సంగతి బోర్డులో ఎవరికీ తెలియదు.

ఇక కథలోకి.

"ఈ అంశంలో ఎవరికైనా సొంత ప్రయోజనం ఉంటే ఇప్పుడే చెప్పాలి" అంది కార్యదర్శి మిస్ లోవెల్.

ప్రతి సమావేశంలోనూ ఆమె అదే అడుగుతుంది. ప్రతి సమావేశంలోనూ అందరూ బల్లకేసి చూస్తారు. అడగడం ఆమె పని, చూడటం వాళ్ల పని. ఊరి హాల్లో వాన చప్పుడు, టీ కాగు గుర్రుమంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె కలం అప్పుడే తర్వాతి అంశం మీదికి జారుతోంది.

ఆంబ్రోస్‌కి కళ్లముందు కారవాన్ కనబడింది. అతని దొడ్లో, పందుల కొట్టానికీ డీజిల్ ట్యాంకుకీ మధ్య నిలబెట్టిన, చక్రాల మీది ఇరుకు ఇల్లు. లోపల గోడలకి నల్లటి బూజు. అందులో హెస్టర్, ఆమె మొగుడు, రాత్రంతా పిల్లి కూనలా గురక తీసే పసిపిల్ల. ఇంట్లోకి వచ్చేయమని అతను ఎన్నిసార్లో చెప్పాడు. నీతో ఒక కప్పు కింద ఉండటం అమ్మకే చేతనైంది నాన్నా అంది హెస్టర్. అబద్ధం కాదు గనక అతను మళ్లీ అడగలేదు.

"ఉంది" అన్నాడు.

మిస్ లోవెల్ కలం ఆగింది.

"చర్చి వెనక ఇళ్ల జాబితాలో మా అమ్మాయి పేరుంది. నేను బయటికి పోతున్నా."

పక్కనే కూర్చున్న రూపర్ట్ హేల్ పళ్లు కొరికాడు. బ్రామ్‌డౌన్ సభ్యుడే, దాణా వ్యాపారి. "నీకు బుద్ధుందా? నోరు మూసుకుని కూర్చుంటే ఏం పోయేది?" అన్నాడు గొంతు తగ్గించి. "ఇప్పుడు మనం ఇద్దరం, వాళ్లు ముగ్గురు. నీ చేత్తో నువ్వే మన ఇళ్లు తీసుకెళ్లి వాళ్లకిచ్చావ్."

"లెక్కలు నాకూ వచ్చు."

"వస్తే మరి?"

ఆంబ్రోస్ లేచి కుర్చీ వెనక్కి నెట్టాడు. రూపర్ట్ హేల్‌కి అతను ఒక మాటకి మించి జవాబివ్వడం మానేసి చాలా కాలమైంది. ఆంబ్రోస్ భార్య లెట్టీ అంత్యక్రియలకి ఆ మనిషి రాలేదు. ఆ రోజు ఫెజెంట్ పిట్టల వేట ఉందట. అలాంటివి ఆంబ్రోస్ మరచిపోడు. మరచిపోవాలని ప్రయత్నించిందీ లేదు.

బయట వాన కుండపోత. హాలు విడిచి వెళ్లాలంటే ఉన్నది వంటగది ఒక్కటే. వెళ్లాడు. అక్కడ తొట్టి నిండా కడగని కప్పులు. హాల్లోకి టీ అందించే చిన్న కిటికీ జానెడు తెరిచి ఉంది. అందులోంచి మాటలన్నీ వినబడుతున్నాయి. మూసేద్దామా అనుకున్నాడు. మూయలేదు. కప్పులు కడగడం మొదలుపెట్టాడు.

"ఉపాధ్యక్షురాలు సభ నడపాలి" అంటోంది మిస్ లోవెల్. "ఐరిస్ గారూ, ఓటింగ్ పెట్టమంటారా?"

ఉపాధ్యక్షురాలు ఐరిస్ టాప్సెల్, సౌత్‌హేవెన్ నాయకురాలు. రేవులో గుల్లలు ఏరుకునేవాడి కూతురు. సగం వయసు చేపల వేపుడు దుకాణంలో కాగే నూనె ముందు నిలబడి గడిపింది. బోర్డు మొదటి సమావేశంలోనే ఆంబ్రోస్ మొహాన ఒక సీసా పెట్టి మూత తీసింది. అందులో రేవు పాచి. "మీ పందులు పంపిన పార్సిల్. అందింది, థాంక్స్" అంది. ఆ కంపు అతని కోటుకి వారం రోజులు వదల్లేదు. మనిషి మాత్రం అప్పుడే నచ్చింది. పైకి అనలేదు.

"పెట్టొద్దు" అంది ఐరిస్.

"ఏమిటీ?" ఆ గొంతు జర్నైల్ గిల్‌ది. ఐరిస్ పక్షం మనిషి. సౌత్‌హేవెన్‌లో బస్సు నడుపుతాడు.

"ముగ్గురికి ఇద్దరు. దీన్ని ఓటంటారా? ఆయన నిజం చెప్పినందుకు మనకి గెలుపు. నాకొద్దు. నేనూ బయటికి పోతున్నా. ఇద్దరికి ఇద్దరు ఉండండి."

"ఐరిస్! గెలిచిన ఆట ఇది! మనవాళ్లు లాడ్జి గదుల్లో పడి ఉన్నారు. ఒక్కో గదిలో నలుగురు!"

"వాళ్ల పేర్లు నాకు నువ్వు చెప్పాలా జర్నైల్? ప్రతి శనివారం వాళ్ల గుమ్మాల్లో తిట్లు తినేది నేనే." కుర్చీ జరిగిన చప్పుడు. "ఇవాళ ఇలా గెలుస్తాం. రేపు రెండో మడి కావాలి. మనకి భూమి ఎక్కడుంది? మూడు వైపులా సముద్రం, నాలుగోవైపు మోటారు రోడ్డు. మళ్లీ ఎగువోళ్ల గుమ్మంలోకే పోవాలి. అప్పుడు ఏ మొహం పెట్టుకుని పోతావ్?"



వంటగది తలుపు తెరుచుకుంది. ఐరిస్ లోపలికి వచ్చి, అతనికేసి చూడకుండా నేరుగా చిన్న కిటికీ దగ్గరికి పోయి దాన్ని ఠప్పున మూసింది.

"ఈ కిటికీ తెరిచుంటే నువ్వింకా ఆ గదిలో ఉన్నట్టే, ఆంబ్రోస్."

"కప్పులు కడుగుతున్నా."

"చెవులతోనా?"

 ఐరిస్ మేకుకి వేలాడుతున్న తుడుపు గుడ్డ తీసుకుని, అతను కడిగి పెట్టిన కప్పు అందుకుని ఎత్తి వెలుగుకేసి చూసి, మళ్లీ తొట్టిలో పడేసింది.

"అడుగున మరక అలాగే ఉంది. మా దుకాణంలో అయితే మొదటి రోజే పంపించేసేదాన్ని."

"నీ దుకాణంలో నేను చేపే తినలేదు, పని చేస్తానా?"

"తినకపోవడం నీ కర్మ."

కాసేపు ఇద్దరూ పని చూసుకున్నారు. మూసిన కిటికీ అవతల గొంతులు లేచాయి, పడ్డాయి, మళ్లీ లేచాయి. మాటలు తెలియడం లేదు.

ఈ రెండు ఊళ్లు ఒక బల్ల దగ్గర కూర్చుంటాయని ఆంబ్రోస్ ఏనాడూ నమ్మలేదు. బస్సు దారి గురించి కోర్టుకెక్కిన ఊళ్లు ఇవి. వంతెన సగానికి ఒకరూ సగానికి ఒకరూ వేరువేరు రంగులు వేసుకున్న ఊళ్లు. దిగువవాళ్లు ఎగువ పందుల్ని తిట్టేవాళ్లు. ఎగువవాళ్లు దిగువ మరుగుదొడ్లని తిట్టేవాళ్లు. ఏరు మాత్రం ఎవరినీ అడక్కుండా ఇద్దరి మురికీ మోసుకుపోయేది. అలాంటివాళ్లు ఒక బోర్డు పెట్టుకుని, ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ కూర్చుని, అర్థంకాని నత్రజని పట్టికల్ని బడిపిల్లల్లా వల్లెవేసి, తమ తమ ఊళ్లకి తిరిగెళ్లి జనం చేత తిట్లు తిన్నారు. తిట్లు తిని మళ్లీ వచ్చారు. మనుషుల్లో అతను పెద్దగా మెచ్చుకున్నది ఏమీ లేదు. ఆ మళ్లీ రావడాన్ని మాత్రం కాదనలేకపోయాడు.

"నువ్వు బయటికి రావాల్సిన పని లేదు" అన్నాడు చివరికి.

"నువ్వు చెప్పాల్సిన పనీ లేదు. మీ అమ్మాయిది వేరే ఇంటిపేరు. నాకు తెలిసేది కాదు, ఎవరికీ తెలిసేది కాదు."

"నాకు తెలుసు కదా."

"అదీ." ఆమె కప్పు బోర్లించింది. "మొండి ముసలాయన. అందుకే వచ్చాను. అంతకన్నా గొప్పగా ఏమీ ఊహించుకోకు."

"ఊహించుకోలేదు."

"సరే. ఇప్పుడు నాకొకటి చెప్పు. ఇక్కడ అధ్యక్షుడూ లేడు, ఉపాధ్యక్షురాలూ లేదు. నీ పొలం, ఆ లాంగ్ మీడ్ సంగతేమిటి? రెల్లు మడి పక్కనే ఉంది. పందుల్ని తోలవు, దున్నవు. ఏడాదికోసారి గడ్డి కోస్తావు. అది కూడా కలిస్తే మడి రెట్టింపు అవుతుంది, ఈ కొట్లాటే ఉండదు. అడగడానికి మా సర్వేయరు వస్తే కుక్కతో తరిమావట."

"కుక్క కాదు. ఆడపంది."

"పందితోనా!"

"దొడ్డి తలుపు తెరిచి ఉంది. అది తనంతట తనే పోయింది."

ఐరిస్ నవ్వింది. అతను నవ్వలేదు. ఆమె నవ్వు ఆపి అతని చేతులకేసి చూసింది. ఒకే కప్పుని అతను చాలాసేపటి నుంచి కడుగుతున్నాడు.

"ఎక్కువ ధర కోసం పట్టుకున్నావని మా ఊళ్లో అందరూ అంటారు" అంది మెల్లగా.

"అననీ."

"నేనూ అన్నాను."

"అనే ఉంటావు."

నీళ్లు కట్టేశాడు. వాన కొంచెం తెరిపిచ్చింది.

"లెట్టీ అక్కడుంది" అన్నాడు.

ఐరిస్ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"చర్చి దొడ్లో వద్దంది. పాదిరి ఉపన్యాసాలు బతికుండగా విన్నవి చాలంది. తన బూడిద లాంగ్ మీడ్‌లో పోయమంది. కాలవ గట్టున పసుపు పూలు వస్తాయి, అక్కడ. నేనూ హెస్టరూ పోశాం. మూడో మనిషికి తెలీదు. నువ్వు నాలుగో మనిషికి చెప్పకు." అతను చేతులు తుడుచుకున్నాడు. "యంత్రం తెచ్చి ఆమెని తవ్వి ట్రక్కులో ఎత్తి పారబోస్తారా? నేను బతికుండగా కాదు."

ఓదార్పు మాట వస్తుందని అతను ఒళ్లు బిగబట్టుకున్నాడు. లెట్టీ పోయాక ఊరంతా అతనికి ఓదార్పు మాటలే తెచ్చింది, రొట్టెలతోపాటు. రొట్టెలు పందులకి వేశాడు. మాటలకి దారి దొరకలేదు.

ఐరిస్ ఓదార్చలేదు. ఆరిన కప్పుల్ని అరలో పేర్చింది. పేరుస్తూనే, గోడకేసి చూస్తూ అంది.

"మా నాన్న రేవులో ఉన్నాడు."

అతను తలెత్తాడు.

"ఆయన పడవలోంచే పోశాం. నేనూ మా అన్నా. అప్పుడు నీళ్లలోంచి అడుగు కనబడేది. గుల్లలు కనబడేవి. బూడిద వాటిమీదికి మెల్లగా దిగటం చూశాను. ఇప్పుడు అక్కడ పాచి ఎంత దట్టంగా ఉందంటే, ఆటు సమయంలో దానిమీద కుక్క నడిచిపోతుంది. నల్ల బాతులు కూడా దిగవు." అర తలుపు మూసింది. "మా నాన్న ఆ కిందున్నాడు. నేను నీకు లాంగ్ మీడ్ ఇవ్వమని చెప్పడం లేదు. ఇక చెప్పను కూడా. నువ్వు చెప్పావు కాబట్టి నేనూ చెప్పాను, అంతే."

ఆంబ్రోస్‌కి ఆ సీసా గుర్తొచ్చింది. మూత తీసి తన మొహాన పెట్టిన సీసా. అది వెక్కిరింత అనుకున్నాడు ఇన్నాళ్లూ.

ఏదో అందామని నోరు తెరిచాడు. ఇంతలో తలుపు కొట్టి మిస్ లోవెల్ వచ్చింది. ఆమె మొహం ఎప్పుడూ ఇస్త్రీ చేసినట్టుంటుంది. ఇవాళ ముడతలు పడి ఉంది.

"ఇంతవరకూ ఇలాంటి సమావేశం నేను రాయలేదు" అంది. "మీరిద్దరూ వెళ్లాక ముందు బాగా అరుచుకున్నారు. మీ అమ్మాయి కారవాన్‌లో ఉంటోందని రూపర్ట్ గారు చెప్పారు. ఆ తర్వాత జర్నైల్ గారు లేచి, ఎగువ పిల్ల కారవాన్‌లో ఉందంటున్నారు కదా, ముందు వాళ్లవే కట్టండి, మావాళ్లు ఇన్నాళ్లు ఆగారు, ఇంకొంచెం ఆగుతారు అన్నారు. దానికి రూపర్ట్ గారు బల్ల గుద్దారు."

"గుద్దుతాడు" అన్నాడు ఆంబ్రోస్.

"గుద్ది, కుదరదు, ముందు దిగువోళ్లవే కట్టాలి, ఒక గదిలో నలుగురేమిటి, మా అధ్యక్షుడి పేరుమీద మచ్చ పడనివ్వను అన్నారు. ఇప్పుడు ముందు మీరంటే ముందు మీరని కొత్త పేచీ."

ఐరిస్ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. ఆంబ్రోస్ గోడకి ఆనుకున్నాడు. రూపర్ట్ హేల్. పిట్టల వేటకి పోయినవాడు. ఆ వేటని అతను ఇప్పటికీ క్షమించలేదు, ఇకమీదటా క్షమించడు. కానీ బల్ల గుద్దిన ఆ చప్పుడు తాను వినలేకపోయాడే, ఐరిస్ ఆ కిటికీ మూసిందే అని మొదటిసారి చింతించాడు.

"తేలిందా?"

"తేలింది. నాలుగు చేతులూ లేచాయి. ఎవరినీ వెనక పెట్టరు. మడి రెట్టింపు చేసి రెండు జాబితాలూ ఒకేసారి మొదలుపెట్టాలి." మిస్ లోవెల్ గొంతు సవరించుకుంది. "లోపల మన బోర్డు ఇంజనీరు చెప్పేదేమిటంటే, రెట్టింపు కావాలంటే పక్కనున్నది లాంగ్ మీడ్ ఒక్కటే. అది లేకపోతే మళ్లీ మొదటికే వస్తాం. అధ్యక్షుడి పొలాన్ని అధ్యక్షుడి హోదాలో మిమ్మల్ని అడగకూడదు. మీరు బయటినుంచి చుట్టి తిరిగి, జనం తలుపులోంచి రావాలి. పొలం యజమానిగా. మామూలుగా జనానికిచ్చే మూడు నిమిషాలే మీకూ."

ఐరిస్ అతనికేసి చూడలేదు. చెప్పనన్న మాట చెప్పలేదు. గుడ్డ మేకుకి తగిలించి, సభ నడపడానికి లోపలికి వెళ్లిపోయింది.

ఆంబ్రోస్ వెనక తలుపు తీసుకుని వానలోకి దిగాడు. హాలు చుట్టూ తిరిగాడు. పెద్దగా దూరమేమీ కాదు. చెత్తడబ్బాల పక్కనుంచి, సైకిళ్ల పక్కనుంచి, లెట్టీ ఒకప్పుడు పూలమ్మకం బల్ల వేసుకునే వరండా మీదుగా. జనం తలుపు ముందు బూట్లు దులుపుకుని లోపలికి వచ్చాడు.

జనం కుర్చీలు దాదాపు ఖాళీ. చివరి వరసలో హెస్టర్ ఉంది. తడిసిన కోటు, ఒళ్లో పసిపిల్ల. ఎప్పుడు వచ్చిందో, ఏమేం విందో. అతన్ని చూసి ఆమె పలకరించలేదు. అతనూ పలకరించలేదు. ఆ ఇంట్లో అది అలవాటే.

రూపర్ట్ హేల్ తన బూట్లకేసి చూసుకుంటున్నాడు. జర్నైల్ గిల్ లేచి, ఒక కుర్చీ ముందుకి జరిపి పెట్టాడు. ఆంబ్రోస్ కూర్చోలేదు.

"మిస్టర్ పెల్" అంది ఐరిస్ అధ్యక్షుడి కుర్చీలోంచి. ముక్తసరిగా, ముక్కూ మొహం తెలియనివాణ్ని పిలిచినట్టు. ఆ న్యాయం అతనికి నచ్చింది. "మీకు మూడు నిమిషాలు."

మిస్ లోవెల్ గడియారం నొక్కింది.

చెప్పాలనుకున్నది అతని దగ్గర సిద్ధంగానే ఉంది. వద్దు, అమ్మను, ఇవ్వను. చెప్పడానికి మూడు నిమిషాలు అక్కర్లేదు. దారిలో అదే అనుకుంటూ వచ్చాడు. తీరా నిలబడ్డాక వెనక వరసలోంచి పసిపిల్ల ఊపిరి వినబడింది, ఆ పిల్లికూన గురక. దాని వెనక, ఎక్కడో, అడుగు కనబడే నీళ్లలో బూడిద దిగుతోంది. లెట్టీ ఉంటే ఏమనేది? లెట్టీ ఏమనేదో అతనికి ఏనాడూ ముందుగా తెలిసింది లేదు. తెలుసనుకున్న ప్రతిసారీ తప్పే అయ్యింది.

నిశ్శబ్దంలో మొదటి నిమిషం పోయింది. ఎవరూ తొందరపెట్టలేదు.

"ఒకటి అడగాలి" అన్నాడు.  ఇంజనీరుకేసి తిరిగాడు. "లాంగ్ మీడ్‌ని ఎంత లోతు తవ్వుతారు?"

ఐరిస్ తల దించుకుంది. ఆ ప్రశ్న దేని గురించో ఆ బల్ల దగ్గర తెలిసింది ఆమె ఒక్కదానికే.

"మరీ లోతు ఉండదండి" అన్నాడు ఇంజనీరు. "రెల్లుకి మోకాలి లోతు చాలు. పైమట్టి ఎత్తి..."

"ఎత్తి ఎక్కడ పోస్తారు?"

ఇంజనీరు జవాబు చెప్పేలోగా వెనక కుర్చీ కిర్రుమంది. హెస్టర్ లేచి నిలబడింది, పిల్లని భుజానికి ఎత్తుకుని.

"అధ్యక్షురాలు గారూ, మా నాన్నకి మిగిలిన సమయం నాకివ్వండి."

"హెస్టర్, కూర్చో" అన్నాడు ఆంబ్రోస్.

"కూర్చోను నాన్నా. ఆ గట్టున ఏముందో నీకూ నాకూ తెలుసు."  అది లెట్టీ గొంతే. "అక్కడే ఎందుకు పోయమందో నాకొక్కదానికే తెలుసు. పోయే ముందురోజు అమ్మ చెప్పింది. నీకు మాత్రం చెప్పొద్దంది."